కోసి చూపించే ఫ్రెమా

సువామెలో ఫిల్టర్లు అమ్మే ఫ్రెమా
ధర చెప్పేముందు రంపం తీస్తుంది.

హర్మటాన్ గాలి మొదలై తొమ్మిదో రోజు.
కుమాసి నెత్తిన ఎవరో పిండి జల్లెడ పట్టినట్టుంది.
ముక్కు తుడుచుకుంటే రుమాలు ఎర్రబడుతోంది.
నా టాక్సీదీ ఇదే గాలి, ఇదే దుమ్ము.
దాని రుమాలు బానెట్ కింద ఉంటుంది,
ఎవరికీ కనబడదు.

బల్ల మీద రెండు డబ్బాలు పెట్టింది.
ఒకే నారింజ రంగు, ఒకే అక్షరాలు,
ఒకే తానులోంచి చించి
కవలపిల్లలకు కుట్టించిన చొక్కాల్లా.
ఒకటి ముప్పై అయిదు సెడీలు. ఒకటి తొంభై.
"తేడా ఏముంది?" అన్నాను,
ఏమీ ఉండకపోతే బాగుండునని మొక్కుకుంటూ.

ఆమె నోరు విప్పలేదు.
చవకదాన్ని వైసులో బిగించి కోసింది.
రేకు కీచుమంది, పక్క కొట్టులో మేక ఉలిక్కిపడింది.
లోపల పదో పదకొండో మడతలు,
అవీ ఎడం ఎడంగా, ముసలాయన పళ్లలా.
అంచులకు అట్టముక్కలు.
గోరు తగలగానే జిగురు ఊడొచ్చింది.
పైన పటారం సంగతి సరే,
లోన లొటారం నేనెప్పుడూ కళ్లతో చూడలేదు.

తర్వాత రెండోదాన్నీ కోసింది.
తొంభై సెడీల సరుకు!
డబ్బు ఆమెది, "అయ్యో" అన్నది నేను.

మడతలు వేళ్లతో విప్పుతూ నలభై దాకా లెక్కపెట్టి
ఇక చాల్లే అన్నట్టు వదిలేసింది.
ఎర్రటి సిలికాన్ రేకు చూపించింది.
బండి ఆగిన రాత్రంతా
నూనె కిందికి జారిపోకుండా
గుమ్మానికి అడ్డంగా పడుకునే కుక్క అది.
అది లేకపోతే తెల్లారి తాళం తిప్పగానే
ఇనుము ఇనుముని ఉత్త ఒంటితో రాసుకుంటుంది,
రెండు క్షణాలు, మూడు క్షణాలు.
రోజూ అంతే. అంతే చాలు.

"స్ప్రింగు నొక్కు," అంది. నొక్కాను. ఎదురు తిరిగింది.
"తిరగాలి. తట్టినవాడికల్లా తలుపు తీస్తే
మురికి దొడ్డిదారిన లోపలికి పోతుంది."

"మరి నీ పాతదేది?"

తెచ్చాను, ప్లాస్టిక్ సంచిలో, నూనె కారుతుంటే.
దాన్నీ కోసింది. కాగితం పిండి
ఎండలో రేకు మీద పరిచింది.
తారు నలుపు. ఆ నలుపులో
సన్నగా, చాలా సన్నగా, మెరుపులు.

మా నాన్న ఓబువాసి దగ్గర వాగులో
నడుము విరిగేదాకా పళ్లెం తిప్పింది
సరిగ్గా ఇలాంటి మెరుపు కోసమే.
ఆ మాటే అన్నాను, నవ్వుతూ.
ఫ్రెమా నవ్వలేదు.
"బంగారం కాదు క్వాటెంగ్. నీ బేరింగు."

సిగ్నల్ దగ్గర కుర్రాడి బుట్టలోంచి
మూడేళ్లు కొన్నాను ఆ నారింజ డబ్బాలు.
ప్రతిసారీ యాభై అయిదు మిగిలాయనుకుని
వేయించిన అరటికాయ తిన్నాను, ఒక్కోసారి రెండు పొట్లాలు.
లెక్క వేయబోయి ఆపేశాను.

"ఇప్పుడు మంచిది పెట్టి ఏం లాభం?"
ఆమె అప్పటికే బల్ల కిందనుంచి మూడోది తీస్తోంది.
"నెల తిరిగాక తీసుకురా. ఇదీ కోద్దాం."
"ఎందుకు?"
"మెరుపు తగ్గిందో లేదో చూడొద్దూ?"
తొంభై తీసుకుంది. కోసినవాటి డబ్బు అడగలేదు.
అవి కొట్టు ముందు తీగకు వేలాడుతున్నాయి,
ఇంకో నలభై తెరిచిన పొట్టల పక్కన.

స్టాండులో, బండి కింద వెల్లకిలా పడుకుని
రబ్బరు అంచుకి వేలితో కొత్త నూనె రాశాను,
పసివాడి చిగుళ్లకు తేనె రాసినట్టు.
చేత్తోనే బిగించాను, ముప్పావు చుట్టు,
రెంచి జోలికి పోకుండా.

తాళం తిప్పాను.
నూనె బొమ్మ ఎర్రగా వెలిగింది.
ఒకటి.
ఆరిపోయింది.
వెనక సీట్లో ఎవరో ఎక్కి కెజెటియా మార్కెట్ అంటున్నారు.
వింటున్నాను గానీ
ఇంజిన్ ఆపి
ఇంకోసారి తిప్పాను.