ఎండిన గడ్డి

ఈ ఏడు జూలైలో చినుకు లేదు.
హెంబ్రో హాల్ మైదానం గోధుమరంగుకు తిరిగింది.
గొర్రెల్ని తోలుకొచ్చిన మర్టిల్ పెన్‌ఫోల్డ్
గేటు మీద చేతులానించి
అలాగే నిలబడిపోయింది.

నేల లోపలి గోడలు గడ్డి మీదికి తేలాయి.

అదిగో భోజనశాల. అది మెట్లవరస.
అది నలభై గంటలు వేలాడిన పనివాళ్ళ నడవా.
ఏ గంట ఏ గదిదో
మోతను బట్టే పోల్చుకునేదట వాళ్ళ నాయనమ్మ.
దొరకొడుకులిద్దరూ ఫ్రాన్స్ బురదలో ఉండిపోయాక
రెండు గంటలు మోగడం మానేశాయి.
తర్వాత పన్నులు. తర్వాత వేలం.
కప్పు మీది సీసం తూకానికి పోయింది,
ఓక్ మెట్లు ఇప్పుడెవరి హోటల్లోనో
ఎవరి సూట్‌కేసులో మోస్తున్నాయి.

అంతవరకూ తెలిసిన కథే.

ఆ గీతలకు అవతల, వంకరగా, ఇంకొన్ని.
ఒక సందు. పదకొండు ఇళ్ళు. ఒక రొట్టెల పొయ్యి.
రెండున్నర శతాబ్దాల కింద ఓ పొద్దున
సర్ జార్విస్ కిటికీ తెరిచి
"చూపుకు అడ్డం" అన్నాడు.
ఊరు కూల్చి గడ్డి చల్లారు, జింకల్ని వదిలారు.
చర్చిని మాత్రం ఉంచారు,
దూరం నించి బొమ్మలా బావుంటుందని.

ఎస్టేటు పద్దులో ఒకే ఒక్క వరుస:
"డార్కస్ పెన్‌ఫోల్డ్, విధవ.
తన తలుపు తాను మోసుకుపోవడానికి అనుమతి."

ఆ తలుపు ఏమైందో మర్టిల్‌కి తెలీదు.
గుట్ట మీంచి చూస్తే రెండూ ఒకే పసుపు,
దొరగారి గోడ కాస్త వెడల్పు, అంతే.
రేపో ఎల్లుండో వానొస్తే అదీ ఉండదు.

ఒక గొర్రె భోజనశాలలో మేస్తూ మేస్తూ
డార్కస్ వంటింట్లోకి
నడిచి వెళ్ళింది.