నీటి గీతలు

వరద తీసిన మూడో రోజు
హెస్టర్ గారడ్ చర్చి తలుపు తోసింది.
లోపలి బురద ఇటు తోసింది.
భుజం ఆనించి ఇంకోసారి.

బకెట్టు, చీపురు, మోకాళ్ళ కిందికి పాత దిండు.
ఆమెకు డెబ్బై ఒకటి.
ఈ రాళ్ళ మీద ఇది ఆమెకు నాలుగో బురద.

తలుపు పక్కన గోడ మీద గీతలున్నాయి.
పిల్లాడి ఎత్తు కొలిచినట్టు
ఏటి ఎత్తు కొలుస్తూ వచ్చింది మార్‌హైత్.
మోకాలంత వెన్. నడుమంత వెన్.
పద్దెనిమిది వందల యాభై రెండులో
గొంతు దాకా వచ్చి
ఎందుకో మనసు మార్చుకున్న వెన్.

గోడకు బయటివైపు వేరే గాట్లు. అవి ఏటివి కావు.
సోమవారం సంతకొచ్చిన కసాయివాళ్ళు
ఇక్కడే కత్తులు నూరుకునేవారు.
హెస్టర్ చిన్నప్పుడు ఆ గాట్లలో వేలు దూర్చి
తెగిందేమోనని తీసి చూసుకునేది.

సంత ముందా, చర్చి ముందా?
సారాకొట్లో ఇప్పటికీ తగువే.
రేవు ముందు, అంటుంది హెస్టర్.
పడవ దిగినవాడికి కాళ్ళ కింద నేల కావాలి,
తెచ్చిన ఉప్పుకు గిరాకీ కావాలి,
ఆ రెండూ దొరికాక గానీ దేవుడు గుర్తుకు రాడు.

రాజముద్ర పడిన తోలు కాగితం తర్వాతెప్పుడో వచ్చింది.
తూకపు రాళ్ళు చర్చి పెట్టెలో పెట్టారు.
మూడు తాళాలు, ముగ్గురు మనుషులు,
ఒకరినొకరు నమ్మని ముగ్గురు.
ఉన్ని తూచిన చేతులే గోపురం లేపాయి.
ఉన్ని ధర పడిన ఏడు ఆపేశాయి.
సగం నుంచి పైకి రాయి రంగు వేరు, చూడండి.

వంతెన వచ్చింది, బల్లకట్టు మూలపడింది.
ఏరు దాటి తెప్ప తగలేసే ఊరు కాదిది,
ఆ పలకలే ఉత్తరపు చూరు కింద దూలాలు.
వాన రాత్రుళ్ళు కిర్రుమంటాయి.
నిద్రలో కలవరింతలంటాడు
గంటలు మోగించే జేబెజ్ టక్.

మేడ గదిలో లెక్కల పుస్తకం తడవలేదు.
పిచ్చుక తలలకు, డజనుకు రెండు పెన్నీలు.
కుక్కల్ని బయటికి తరిమే కొరడాకు, నాలుగు.
గోడ మీది బొమ్మలకు సున్నం కొట్టినందుకు
ఆంబ్రోజ్ లిడల్‌కు, ఒక షిల్లింగు.
ఆరేళ్ళ తర్వాత, అదే చేతిరాత:
సున్నం గీకినందుకు ఆంబ్రోజ్ లిడల్‌కు, రెండు.
ఇంకో ఆరేళ్ళు:
మళ్ళీ కొట్టినందుకు.
కిరీటం తల మారినప్పుడల్లా
ఆంబ్రోజ్ ఇంట్లో మాంసం ఉడికింది.

ఒక పేజీ మాత్రం హెస్టర్ త్వరగా తిప్పేస్తుంది.
పదహారు వందల మూడు.
గంట తాళ్ళకు, మార్చిలో.
గంట తాళ్ళకు, మళ్ళీ ఆగస్టులో.
ఆ ఏడు సంత అవతలి ఒడ్డున జరిగింది.
కొనేవాడు నాణెం వెనిగర్ గిన్నెలో వేసి
వెనక్కి జరిగేవాడు.
ఆ కింద నవంబరులో ఒకే ఒక్క పద్దు:
బురద ఎత్తినందుకు విధవ థామసిన్ పెల్‌కు, ఆరు పెన్నీలు.

అంటే ఏరు వచ్చింది.
గోడ మీద ఆ ఏటి గీత లేదు.
నీరు లేక కాదు,
ఉలి పట్టే చెయ్యి లేక.

మధ్యాహ్నం రాతిపనివాడి కూతురు వచ్చింది, ఉలితో.
ఎక్కడ గియ్యను?
తడిచెయ్యి గోడకు ఆనించి చూపింది హెస్టర్.
ఇక్కడ.
కింద జానెడు ఖాళీ వదిలెయ్.
ఎవరికని ఆ పిల్ల అడగలేదు.
అడిగినా, ఎంత ఎత్తని చెబుతుంది?

బయట సోమవారం.
బురదలోనే బల్లలు వేశారు.
చీజ్ అమ్మే కుర్రాడు
చిల్లర కోసం చర్చి లోపలికి తొంగిచూశాడు.
బూట్లు విప్పు, అంది హెస్టర్.