తీపి వాసన

నిప్పులేనిదే పొగ రాదంటారు.
డీజిల్ బండి నడపనివాళ్ళ మాట అది.
నిప్పు సరిగ్గా అంటుకోకే
పొద్దున్నే ఇక్కడ ఇంత పొగ.

జుగ్దిదీ ఊరి చివర, రైలు గేటు అవతల,
నుగ్జార్ షెడ్డు ముందు మంచు కరిగిన బురదలో
నా ట్రాన్సిట్ వ్యాను దగ్గుతూ నిలబడింది.
ఇరవై ఆరేళ్ళది. నాకంటే ముందు ఏలినవాళ్ళంతా జర్మన్లు.
పక్కతలుపు మీద ఎవరో అద్దాలు బిగించేవాడి ఫోను నంబరు
ఎంత రుద్దినా చెరగలేదు.
మెస్తియా కొండకి దాన్లో మనుషుల్ని మోశాను,
పిండి బస్తాల్ని, పెళ్ళికి పోయే అకార్డియన్‌ని,
ఒకసారి శవపేటికని, అడ్డంగా, వెనక తలుపులు తాడుతో కట్టి.

"నల్లగానా?" అన్నాడు నుగ్జార్ లోపల్నుంచే.
కాదు.
నల్లదైతే తిండి ఎక్కువై ఊపిరి చాలని జబ్బు,
ఫిల్టరు దులిపితేనో, చీలిన టర్బో గొట్టం మారిస్తేనో పోతుంది.
"నీలంగానా?"
దిగుడులో కాలు తీసి మళ్ళీ తొక్కితే ఒక్క గుక్క నీలం.
అది పాత సంగతే. ఆయిలు తాగుతుంది.
"తాగనీ. మనం తాగడం లేదూ?"

తెల్లగా, అన్నాను.
అప్పుడు లేచి వచ్చాడు.

తెలుపులో రెండు తెలుపులున్నాయి.
ఒకటి కాలని డీజిల్. కళ్ళు మండుతాయి.
ఇంజను వేడెక్కాక తగ్గుతుంది, గ్లో ప్లగ్గులు మారిస్తే సరి.
రెండోది ఆవిరి. అది తియ్యగా ఉంటుంది.
ఆ తీపి ఖరీదు నాకు తెలుసు:
హెడ్డు విప్పాలి, గ్యాస్కెట్ మార్చాలి,
హెడ్డు వంగిందో, ఈ చలికాలం సంపాదన అంతా అక్కడే.

సైలెన్సరు వెనక మోకాళ్ళమీద కూర్చుని
అరచేతిలోకి పొగ పట్టి, ముక్కు దాకా తెచ్చి
ఆగిపోయాడు నుగ్జార్.
రెండేళ్ళ కిందటి జ్వరం ఆయన వాసనల్ని పట్టుకుపోయింది.
అలవాటు ఒక్కటీ చేతికి మిగిలింది.

"నువ్వు చూడు, జుంబెర్. ఎలా ఉంది?"

వంగాను. పీల్చాను.
నెల రోజులుగా రేడియేటర్లో రోజుకో సీసా పోస్తున్నాను.
ద్జాబులికి కూడా చెప్పలేదు.
బండి కింద ఒక్క తడి మరక లేదు.
అన్ని నీళ్ళు ఎటు పోతున్నాయో
నేనూ అడగలేదు.

"ఘాటుగా ఉంది," అన్నాను. "డీజిలే."

తల ఊపాడు. ఏమీ అనలేదు.
బానెట్ ఎత్తి పై గొట్టం మీద చెయ్యి వేశాడు,
కడుపునొప్పంటున్న పిల్లాడి పొట్ట తడిమినట్టు.
తర్వాత నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కనే పెట్టాడు.
ఇంజను పెట్టి నాలుగు నిమిషాలైనా కాలేదు,
అప్పుడే గొట్టం రాయిలా బిగిసింది.
లోపలి మంట నీళ్ళలోకి దారి చేసుకుని
నా వేళ్ళ కింద కొట్టుకుంటోంది.

"నేను నీ ముక్కుని అడిగితే
నీ జేబు జవాబు చెప్పింది," అన్నాడు.

తాళం తిప్పి ఇంజను ఆపాను.
బస్సులాగే చోట పదకొండుమంది ఎదురుచూస్తున్నారు,
వాళ్ళలో ఒక నర్సు, కొత్త టీవీ కొనుక్కున్నవాడొకడు.
ఫోన్ చేసి చెప్పాను. తిట్టారు. విన్నాను.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు నుగ్జార్, చేతులు తుడుచుకుంటూ.
"ఎలా ఉంది?"
బేరం కోసం కాదు. రోగం తెలిసిపోయింది కదా.
ఊరికే అడిగాడు.

చెప్పాను. అక్టోబరులో ద్రాక్షరసం కాచేటప్పుడు
గుండిగ అంచున ఎండి మాడుతుందే, ఆ వాసన.
కాస్త పచ్చి, కాస్త ఇనుము.
గుండిగ ఎవరిది అన్నాడు. మా పిన్నిది అన్నాను.
కట్టెలేమిటి అన్నాడు. హేజెల్ కొమ్మలన్నాను.
కళ్ళు మూసుకుని చాలాసేపు
ఆరిపోయిన సైలెన్సరు వైపే మొహం పెట్టాడు.

తర్వాత పదమూడో నంబరు స్పానర్ నా చేతిలో పెట్టి
బోల్టులు వరస తప్పకుండా అట్టమీద గుచ్చమన్నాడు.