బోరు బండి మీద ఫ్రిజ్జు

కల్వకుర్తి పాతసామాన్ల షాపుల కొన్నం.
ఇంట్ల ఉండాల్సిన ఫ్రిజ్జు.
తలుపు మీద ఎవరో పిల్ల అంటించిన సీతాకోకచిలుక
సగం రెక్కతోటి ఇంకా ఉన్నది.

పైపుల లారీల, డ్రైవరు సీటెనక
సైకిల్ ట్యూబులు గుంజి కట్టి నిలబెట్టిన.
కింద గోనెసంచులు, తలుపుకు పాత లుంగీ ముడి.
చింతపల్లి మలుపుల ఒకపారి ముడి ఇడిస్తే
గడ్డపెరుగంత డ్రిల్లు బిట్ల మీద పారింది.
ఆ వాసన మూడు మండలాలు మా ఎంట తిరిగింది.

నేను పర్వతాలు, వంటోన్ని.
ఎనిమిది కడుపులు, ఒక్క తలుపు.
రాత్రి ఏ రైతు స్టార్టరు డబ్బా కాడ్నో
బతిమిలాడి వైరు తగిలిస్త.
తెల్లారేదాక సీసాల నీళ్లు రాళ్లయితయి.
వైరు ఊడినంక
ఆ రాళ్లే మాకు పగటి కరెంటు.
పాలు వాటి నడుమ, మాంసం వాటి కింద,
టమాటలు దూరం, వాటికి ఎండ కొత్త కాదు.

నాది ఒక్కటే కానూను: ఊకె తలుపు తెర్వొద్దు.
ఏం కావాల్నో ముందు అనుకో.
తియ్యి. ముయ్యి.
ఛత్తీస్‌గఢ్ పిల్లగాడు బుధ్రాం మాత్రం
పని లేకున్నా తెరిచి మొఖం పెడ్తడు.
తిడితే, "లోపల మా ఊరి చలికాలం ఉన్నది భయ్యా" అంటడు.
పది లెక్కబెట్టేదాక చూడనట్టు ఉంట.

నిన్న మర్రిగూడ దిక్కు, ఈదమ్మ బత్తాయి తోట.
నాలుగొందల ఫీట్లు, దుమ్ము.
ఆరొందలు, పిండి లెక్క తెల్లటి దుమ్ము.
ఎనిమిదొందల యాభైకి మేస్త్రి చెయ్యి ఊపిండు,
మిషిని ఆగింది.
ఫీటుకు ఇంతని రాసిన కాయితం
ఆమె చేతిల చెమటకు మెత్తబడ్డది.

లుంగీ ముడి ఇప్పి
సగం కరిగిన సీసా ఒకటి ఇచ్చిన.
తాగలే. చెంపకు ఆనించుకొని అడిగింది:
"గింత సల్లగున్నయి, యాడియి బిడ్డా ఈ నీళ్లు?"
దేవరకొండల పైసలు పెట్టి కొన్నయని
చెప్పబుద్ధి కాలే.

నీళ్లు పడ్తయని పొద్దుగాల్నే కోడిని కోసి వండిందట.
ఎవ్వరం కూసోలే.
బండి కదిలేటప్పుడు గిన్నె తెచ్చిచ్చింది.
"నాకు దిగదు. ఎండకు పాడైతది, తీస్కపోండ్రి.
గిన్నె మల్లొచ్చినప్పుడు ఇయ్యుండ్రి."

నాంపల్లి దాటినం. మధ్యాన్నమైంది.
గిన్నె పాల పక్కన ఉన్నది.
తలుపు తెర్వొద్దని ఇయ్యాల నేను ఎవనికీ చెప్పలే.
బుధ్రాం గూడ తెర్వలే.