నాడా మేకు

పొద్దున ఆరున్నరకి నాది మూడో నంబరు.
మొదటి నంబరు జాగాలో
తెల్ల కారు.
అద్దాలెత్తి, తాళమేసి, మనిషి లేకుండా,
వేలంలో ధర పలకని పొగాకు చెక్కులా
కదలకుండా ఉంది.

కందుకూరు ఆటో స్టాండులో
గీసి చూపించడానికి గీతలేం లేవు.
ఉన్నదల్లా దరియా హుసేను చంకలో వరస పుస్తకం,
ఎవరో పారేసిన పాత డైరీ.
మమ్మల్ని ప్రకాశమన్నారు, నెల్లూరన్నారు,
జిల్లాలు అటూ ఇటూ మోసినా
ఆ డైరీలో మా వరస మాత్రం
ఎవరూ మార్చలా.

సింగరాయకొండ రైలుకి పోయేవాళ్లు
కారు చుట్టూ తిరిగొస్తన్నారు,
సంచులు అద్దానికి రాసుకుంటన్నాయి.
"మూడు చక్రాలకి అపరాధం రాసిన కానిస్టేబులు
నాలుగు చక్రాల్ని చూసి టీకి పోయాడు"
అన్నాడు సుందర్రావు.
నవ్వాం.
నవ్వితే కారు కదల్దు.

నిన్నా ఇదే కారు. మొన్నా ఇదే.
తెల్ల నంబరు పలక, సొంత బండంట,
మనిషికి నలభై, చల్లగాలి ఉచితం.
నా బండెక్కిన రవణమ్మత్త
సపోటా బుట్ట సర్దుకోకముందే దిగి
"చల్లగా ఉంటదంట నాయనా, ఏమనుకోబాక" అంది.
ఏమనుకోకుండా ఎట్టా ఉంటాను?
కిస్తీ కట్టకపోతే ఫైనాన్సు వాడుంటాడా
ఏమనుకోకుండా?

అందుకే జేబులో మేకు తెచ్చాను.

కొత్తది కాదు. ఇత్తడి చెంబులో
మా నాయన దాచిన గుర్రపు నాడా మేకుల్లో ఒకటి.
నలుచదరం తల, ఒళ్లంతా తుప్పు,
మొనకి మాత్రం పొగరు తగ్గలా.

ఈ స్టాండు అప్పుడు జట్కాలది.
టీకొట్టు ఎనకాల పగిలిన తొట్టి ఉందే,
మనం తాగిన కప్పులు పడేస్తన్నామే,
అందులో మూతి పెట్టి నీళ్లు తాగేది మా పావురాయి.
ఊళ్లోకి మొదటి ఆటో వచ్చిన పొద్దున
సరిగ్గా ఈడే ఆగింది,
పావురాయి ముక్కులోకి పొగ వదులుతా.
మా నాయన కళ్లెం నా చేతికిచ్చి
"పట్టుకో" అన్నాడు.
వంగి, ఎనక చక్రంలో మేకు దించాడు.
గాలి పోయిన బుస
ఏడేళ్ల చెవులతో విన్నాను.
గుర్రం ఒక్కడుగు ఎనక్కేసింది.

ఆ ఆటో దరియా హుసేనుది.

పంచాయితీ పెట్టలా ఆయన.
మేకు పీకి, తొట్టి గట్టు మీద పెట్టి,
చక్రం దొర్లించుకుంటా పోయాడు.
పన్నెండేళ్లకి, గుర్రాన్ని అమ్ముకుని
నాయన మంచాన పడ్డాక,
నాకు క్లచ్చి నేర్పింది ఆ చేతులే.
డైరీలో నా పేరెక్కించిన రోజు
"మాలకొండయ్య కొడుకు" అని రాశాడు.
పైకి చదవలా.

ఎనిమిదింటికొచ్చాడు కారు కుర్రాడు,
బ్రహ్మతేజ అంట, నూనూగు మీసం.
"ఇది స్టాండని యాడ రాసుందన్నా?"
రాసే ఉంది. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ.
బోర్డు చూపించాలంటే ఆ మొహం చింపాలి.
చింపే దమ్ము మాలో ఎవడికుంది?
అరిచాం. వాడూ అరిచాడు.
వాడి కాలరు దాకా పోయిందొక చెయ్యి,
ఎవరిదో అనుకున్నా, నాదే.
అంత రభసలోనూ
నలుగురు కారెక్కి, అద్దాలెత్తుకుని
మమ్మల్ని మూకీ బొమ్మలా చూస్తా కూచున్నారు.
పోయింది కారు.

తిరిగి చూస్తే దరియా హుసేను
పెన్ను విదిలించి
అందరి పేర్లకీ అడుగున
ఆ కారు నంబరు రాసుకుంటన్నాడు.
కేసు పెట్టడానికా,
వరసలో కలపడానికా,
నేనడగలా.

"నీ వంతే, ముందుకు లాగు" అన్నాడు
తలెత్తకుండా.

బండెక్కి కూచుని జేబు తడుముకున్నా.
చిల్లి పడింది.
మేకు సీటు కింద యాడో ఉండాలి,
బ్రేకేసినప్పుడల్లా
గుర్రం గొలుసులా
చిన్నగా మోగతా ఉంది.