పురి

అంబాజీపేట దాటాక, కాలవగట్టు మీద
నానిన పీచు వాసన మొదలయ్యేచోట మా పేట.
వాసనుందని చుట్టాలొచ్చి చెబితేనే తెలిసేది మాకు.

ఏసమ్మ రాట్నం తిప్పేది.
పల్లాలమ్మ, వీరకుమారి
ఒడినిండా పీచు పెట్టుకుని
పోగు వదులుతూ వెనక్కి నడిచేవారు.
గుంట ఎక్కడుందో మడమలకే తెలుసు.

ఏసమ్మకీ పల్లాలమ్మకీ మాటల్లేవు.
రెండేళ్ళు. చూరునీళ్ళ తగువు.
అయినా ఈమె చెయ్యి మందగిస్తే
ఆమె అడుగు మందగించేది.
తాడు సన్నబడితే ఇద్దరి కూలీ కోతే.

పోగులు విడిపోవేం అనడిగాను చిన్నప్పుడు.
వీరకుమారి నవ్వింది.
"పోగుకి కుడి పురి.
మూడూ కలిపేప్పుడు ఎడమ పురి.
ఇడిపోదామని అది గింజుకుంటాది చూడు,
ఆ గింజుకోడమే దీన్ని బిగిస్తాది.
అన్నీ ఒకేపు తిప్పి చెయ్యొదులు, తెలుస్తాది."
వదిలాను.
గిర్రున తిరిగి పీచైపోయింది.

తర్వాత కాస్త చదువుకున్నాను.
మనిషి ముందు ఆలోచించాడట,
తర్వాత పనిముట్టు చేశాడట.
నాకు నమ్మకం కుదర్లేదు.
జనం పోగవుతారు.
పెద్దమనుషులు పురికొల్పుతారు.
ఊరికో కట్టుబాటు, పెళ్ళికి ముడి,
పగొస్తే తెగతెంపులు.
పండితులు కాదంటారేమో గానీ
తాడు పేనని నోటికి
ఈ మాటలెలా దొరుకుతాయి?
ముందు చేతులు కలిసుంటాయి.
'మనం' అన్నది
తర్వాతెప్పుడో, అరచేతి కాయల్లోంచి
ఊడిపడుంటుంది.

పెద్ద వరదనాడు బడి అరుగు నుంచి
చర్చి మెట్లదాకా తాడు కట్టారు.
కట్టమన్నదెవరో ఇప్పటికీ తెలీదు.
గుండెలోతు నీళ్ళలో
మూరెడేసి ఎడంగా పట్టుకు నడిచాం.
ఆ ఎడం ఎవరూ కొలవలేదు.

మర్నాడు బియ్యం బస్తాల పడవొస్తే
అదే తాడు అడ్డంగా లాగి
ఇటు మీరు, అటు వాళ్ళు అన్నారు.
తాడుకి అదీ తెలుసు.

ఇప్పుడు షెడ్డులో మోటారు.
ఒక కుర్రాడు, ఒక మీట.
అబద్ధమెందుకు, తాడు మునుపటికంటే నున్నగా ఉంది.

మొన్న కూలిరేటు మీటింగులో
అందరూ ఒక్కసారే అరుస్తున్నారు,
ఎవరి ఫోను వాళ్ళ చేతిలో.
ఏసమ్మ గోడవార కూచుని
కాళ్ళు తుడుచుకునే పట్టాలోంచి నాలుగు పీచులు లాగి
తొడమీద పేనుతోంది, ఊరికే.

కొస జారింది.
పల్లాలమ్మ ఇటు చూడకుండానే
పట్టుకుంది.