సీమసరుకు

కడప పసుపు యార్డులో, కాటా వెనకాల
పాత తూకంరాళ్ళు వేసిపెట్టిన రేకు డబ్బా ఒకటుంది.
సేటు వాళ్ళ తాత కాలందంట.
మూత మీద తుప్పు తినంగా మిగిలింది ఒకే ఒక్క మాట,
గూడ్సుబండి మాదిరి, యాడా తెంపు లేకుండా.

ముప్పై ఏండ్లు దాన్ని ఇంగ్లీషే అనుకున్నా.

చదివింది మాబున్ని.
హమాలీ దస్తగిరి చిన్నకూతురు, నర్సు.
జర్మన్ పరీక్ష ఒకసారి తప్పి, మళ్ళీ కట్టింది.
నాయనకు క్యారియర్ తెచ్చి,
గోటితో తుప్పు గీకి
"కొలోనియాల్‌వారెన్" అనింది,
నోట్లో రేగ్గింజ పెట్టుకున్నట్టు.

"అంటే?"
"తెల్లోళ్ళు ఏలిన దేశాల్నించి
ఓడెక్కి వచ్చిన సరుకు మామా.
కాఫీ, చక్కెర, మిరియాలు,
ఇదిగో, ఈ పసుపు కూడా అనుకో."

నవ్వొచ్చింది నాకు.
మనమూ అంతే గదా,
ఓడ దిగిందానికల్లా సీమ తగిలించినాం.
సీమసున్నం, సీమచింత, సీమవంకాయ.
దొరలుండేది సీమ.
మళ్ళా, గుంతకల్లు దాటి రైలెక్కి పోతే
నన్నే అంటారు, సీమోడని!
ఏ సీమ సరుకు ఏ సీమకు పోయిందో
తూచి చెప్పే కాటా నాకాడ లేదు.

"తునకలు చెయ్యి పాపా, ఆ మాటను."
నోటుబుక్కు తీసింది.
కొలోనీ. దాని వెనక లాటిన్. ఇంకా వెనక్కి పోతే
దున్నేవాడు. ఉత్త సేద్యగాడు.
వారెన్ అంటే సరుకు.
దాని వేరులో, కొందరి లెక్కన,
కావలి కాసుకునేది అని ఉందంట.

దున్నేవాడు ముందర, కావలి వెనక.
బండంత పొడుగు మాట అది వాళ్ళకు.
మనకు రెండక్షరాలు:
కాపు.

ఆ కాపు అక్కడే ఉన్నాడు, మైదుకూరు ఓబన్న,
మూడు రాత్రుల్నించి తన మూటల మీదనే పడుకొని.
రేటు పడిపోయింది, అమ్మడు.
ఇంటికి తోలుకుపోదామంటే బాడుగ లేదు.
మా మాటల అలికిడికి లేచి
"ఏమన్నా పెరిగిందా?" అన్నాడు.

మాట పెరిగింది ఓబన్నా, అనబోయి
ఊరుకున్నా.

మాబున్ని క్యారియర్ సర్దుకుంది.
నోటుబుక్కులో ఆ మాట పక్కన
వేలిముద్ర ఒకటి పడింది, ఎర్రగా, పచ్చగా.
తుప్పో, పసుపో.
ఊదింది. పోలేదు.